చిన్నత్త పరస్థానం

నేను రొయ్యల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తాను. నెలకి రెండుసార్లయినా చెన్నై వెళ్ళి విమానం ఎక్కాలి. అలా తిరిగి తిరిగి ఒక విమాన కంపెనీ వాళ్ళ దగ్గర బంగారు రంగు కార్డు సంపాదించాను. ఆ కార్డు ఉంటే అందరికంటే ముందు విమానం ఎక్కనిస్తారు. ముందు ఎక్కినవాడైనా వెనక ఎక్కినవాడైనా దిగేది ఒకే ఊళ్ళోనని నాకు తెలియక కాదు. అయినా గేటు దగ్గర ఆ పిలుపు వినపడగానే, కూర్చున్న వందమందిలోంచి లేచి నడవడంలో ఒక సుఖం ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ సుఖానికి నేను బానిసని.

మా బంధువుల్లో విమానాల గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా నన్ను అడగాలి. అడక్కపోయినా చెబుతాను. ఉచిత టికెట్లకి పనికొచ్చే పాయింట్లు ఎలా కూడబెట్టాలో, ఏ వరసలో సీటు తీసుకుంటే కాళ్ళు చాపుకోవచ్చో పెళ్ళి భోజనాల దగ్గర కూడా చెప్పాను. అలాంటి నా నోరు మూయించిన మనిషి మా చిన్నత్త. అప్పటికి ఆమె విమానం ఎక్కి ఎరగదు.

మా నాన్నకి ఇద్దరు చెల్లెళ్ళు. పెద్దత్త పూణేలో కూతురి దగ్గర ఉంటుంది. చిన్నత్త మా నెల్లూరు జిల్లాలోనే కోట అనే ఊరి దగ్గర పల్లెలో ఉండి, మామ పోయినప్పటి నుంచి మూడెకరాల వరి తనే చూసుకుంటుంది. పెద్దత్తకి కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తరిగిపోతోంది. పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమనీ డాక్టర్లు తేల్చేశారు. అది విన్నాక పెద్దత్త కోరింది ఒక్కటే. చూపు ఉండగా చెల్లెలి మొహం చూసుకోవాలి. ఫోన్లో చూసుకోవచ్చు కదా అన్నాను ఒకసారి. "ఆ బిళ్ళంత అద్దంలో నాకేం కనపడతాదిరా?" అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు నేను.

మొదటిసారి చిన్నత్తకి టికెట్ నేనే కొన్నాను. బయల్దేరాల్సిన రోజే తుఫాను తీరం దాటింది. చెన్నైలో విమానాలు ఆగిపోయాయి. కంపెనీ నుంచి నా ఫోనుకి మెసేజ్ వచ్చింది. డబ్బు వెనక్కి కావాలంటే ఒక బటన్, డబ్బుకి బదులు క్రెడిట్ కావాలంటే ఇంకో బటన్. క్రెడిట్ అంటే ఆ విలువకి తర్వాతెప్పుడైనా టికెట్ తీసుకోవచ్చు. అది తీసుకుంటే మీ ఖాతాలో అదనంగా పాయింట్లు వేస్తాం అని కింద రాశారు. పాయింట్లు అన్న మాట కనపడితే నాకు మిగతా అక్షరాలు కనపడవు. నొక్కేశాను.

చిన్నత్త మాత్రం వదల్లేదు. "ఏం రాసినారో అంతా చదువబ్బయా. అడుగున సన్నక్షరాలతో సహా" అంది. విసుక్కుంటూనే చదివి తెలుగులో చెప్పాను. క్రెడిట్ ఆమె పేరు మీదే ఉంటుందట. ఇంకెవరికీ పనికిరాదట. ఏడాది గడువట. నా పాయింట్ల కక్కుర్తికి ఆమె టికెట్‌ని ఏడాదికి కట్టిపడేశానని నాకు అప్పుడు తెలిసింది. ఆమె పంచాంగం తీసి, వెనక అట్ట మీద ఆ గడువు తేదీని పెన్సిలుతో రాసుకుంది.

ఆ ఏడాదిలో వెళ్ళడం పడలేదు. చేలో గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అది అతుక్కుని మామూలుగా నడిచేసరికి మళ్ళీ నాట్ల కాలం వచ్చింది. అప్పుడు పెద్దత్త కూతురు ఫోన్ చేసింది. వాళ్ళమ్మకి మనుషుల మొహాలు ఒక్కసారిగా కనపడటం లేదట, ముక్కలు ముక్కలుగా కనపడుతున్నాయట. ముదురు రంగులైతే కాస్త ఆనుతున్నాయట. రాదలచుకుంటే ఇంక ఆలస్యం చెయ్యొద్దని చెప్పింది.

నేను వెంటనే పల్లెకి వెళ్ళాను. ఎంత తొందరపడినా పది రోజులకి గానీ నాట్లు పూర్తి కావు, కూలీలు ఆ రోజులకే ఒప్పుకున్నారు. క్రెడిట్ గడువేమో ఆ శుక్రవారంతో సరి. "అదింక పోయినట్టే అత్తా. నేను కొత్త టికెట్ కొంటా" అన్నాను, అన్నీ తెలిసినవాడి గొంతుతో.

"శుక్రవారం లోపల విమానం ఎక్కమన్నారా, శుక్రవారం లోపల టికెట్టు పెట్టుకోమన్నారా?"

"రెండూ ఒకటే."

"రెండూ ఒకటెట్టా అవుతాయబ్బయా?" అంది. "ఆ కంపెనీ నంబరు కలుపు. తెలుగు మాట్టాడే వాళ్ళని ఇమ్మను."

కలిపి స్పీకర్ పెట్టాను. వేచి ఉండండి అని చెప్పి ఒక సంగీతం వేశారు. చిన్నత్త చేట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీయడం మొదలుపెట్టింది. పది నిమిషాలకి నేను పెట్టేద్దామన్నాను. ఇరవై నిమిషాలకి వీధిలోకి వెళ్ళి వచ్చాను. ఆ సంగీతం అట్లాగే మోగుతోంది, ఆమె అట్లాగే గింజలు తీస్తోంది. ఆ ఓపిక నాకు పైసా వంతు కూడా లేదు. చివరికి ఒక అమ్మాయి పలికింది. చిన్నత్త ఆమెని తల్లీ అని పిలిచి, నన్ను అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగింది. ఆ అమ్మాయి రూల్స్ చూసి చెబుతానని కాసేపు ఆగింది. "గడువు లోపల బుక్ చేసుకుంటే చాలండి. ప్రయాణం ఆ తర్వాతైనా చెయ్యొచ్చు" అంది.

"ఆ మాటే నా ఫోనుకి రాసి పంపించు తల్లీ" అంది చిన్నత్త.

ఇన్నేళ్ళుగా విమానాల్లో తిరుగుతున్నవాణ్ణి, నాకు ఆ తేడా తోచలేదు. నీకెట్లా తోచిందని అడిగితే, "పరస్థానం పెట్టేదాన్ని, నాకు తోచదా?" అంది.

ఈ ఆచారం చాలా ఇళ్ళల్లో పోయింది గానీ ఆమె వదల్లేదు. బయల్దేరే రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియ చూసి ప్రయాణపు సంచిని పక్కింట్లో పెట్టి వస్తారు. సంచి గడప దాటిందంటే ప్రయాణం మొదలైనట్టే లెక్క. మనిషి తర్వాత తీరిగ్గా బయల్దేరినా దోషం లేదు. ఒకసారి దాటిన సంచి మాత్రం తిరిగి ఇంట్లోకి రాకూడదు. చిన్నప్పుడు దాన్ని చూసి నేను నవ్వేవాణ్ణి. ప్రయాణం పెట్టుకోవడం వేరు, ప్రయాణం చెయ్యడం వేరు అని ఆమెకి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుసు. విమాన కంపెనీ వాళ్ళు సన్నక్షరాల్లో రాసుకున్నదీ అదే.

గురువారమే టికెట్ తీసుకున్నాం. ఆమె క్రెడిట్‌తో ఆమెకి, నా పాయింట్లతో నాకు. నాట్లయ్యాక వచ్చిన మంగళవారం ప్రయాణం. మంగళవారం ఆమెకి పనికిరాదు కనక ఆదివారం పొద్దున్నే సంచి తీసుకెళ్ళి ఎదురింటి టీచరమ్మ ఇంట్లో పెట్టింది. టీచరమ్మ చర్చికి వెళ్ళే మనిషి, ఇలాంటివి నమ్మదు. అయినా ఆ సంచిని తన మంచం కింద భద్రంగా పెట్టుకుంది. అందులో నువ్వుండలు, మందులు, ఒక పసుపు చీర ఉన్నాయి. ఎర్రంచు ఉన్న ఆ చీర ఎప్పుడో పెద్దత్త పెట్టింది. అక్క కంటికి ఆనే రంగు అదేనని, ఆ చీర కట్టుకునే ఆమె ఎదుట నిలబడాలని చిన్నత్త అనుకుంది. మర్చిపోతుందేమోనని చిన్నత్త ఆధార్ కార్డు కూడా ఆ సంచిలోనే పెట్టించాను. అది నా తెలివి.

మంగళవారం పొద్దున నేను నెల్లూరు నుంచి కారులో వెళ్ళేసరికి టీచరమ్మ ఇంటికి తాళం. ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. అరగంట చూశాం. నాకు ఒళ్ళు మండిపోయింది. టీచరమ్మని అన్నాను, పరస్థానాన్ని అన్నాను, పంచాంగాన్ని కూడా అన్నాను. ఆధార్ లేకుండా గేటు దగ్గరే ఆపేస్తారు, ప్రయాణం గంగలో కలిసినట్టే అన్నాను.

"వీధిలో నిలబడి అరవబాకబ్బయా" అంది చిన్నత్త. "ఆధారు నా ఫోన్లో ఉండాది. ఉత్త ఫోటో కాదు, గవర్నమెంటోళ్ళ యాప్‌లో. ఫోటో చూపిస్తే ఒప్పుకోరంట గదా. మన ఊరి సచివాలయంలో అమ్మాయి చేత పెట్టించినా. నీకు తెలీదా?"

నాకు తెలీదు. నేను ఎప్పుడూ పర్సులోంచి కార్డు తీసి చూపించేవాణ్ణే.

కారు ఎక్కింది. ఊరు దాటాం. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "చీర ఉండిపోయెనే" అంది. ఆమె కట్టుకున్నది బూడిద రంగు నేత చీర. అంతకు ముందు అరిచినందుకు నాకు అప్పుడు సిగ్గేసింది. ఆమె గొంతు అలా పడిపోవడం మామ పోయినప్పుడు విన్నాను, మళ్ళీ ఇప్పుడే.

గూడూరు దగ్గర పడుతుండగా ఫోన్ మోగింది. టీచరమ్మ. తెల్లారకముందే గూడూరు ఆసుపత్రిలో అక్క కూతురికి నొప్పులు మొదలయ్యాయని కబురు వస్తే పరుగెత్తిందట. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయిందట, ఇప్పుడే పెట్టుకుందట. "సంచి నా కాడే ఉండాది పెద్దమ్మా. నిద్ర లేపి ఇద్దామంటే అది మళ్ళా మీ గడప తొక్కకూడదంటిరి గదా. మీరు పొయ్యేది ఈ దోవనే గదాని నాతో తెచ్చినా" అంది.

హైవే మీద వంతెన కింద నిలబడి ఉంది, సంచిని రెండు చేతులతో పొట్టకి అదుముకుని. నిద్ర చాలని మొహం. తను నమ్మని ఆచారాన్ని అంత నిష్ఠగా కాపాడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. పొద్దున ఆమెని అన్న మాటలు ఆమె వినలేదు గానీ నేను విన్నాను కదా. దిగి దండం పెట్టాను. ఎందుకు పెడుతున్నానో ఆమెకి అర్థం కాలేదు. "ఏం బిడ్డ?" అని అడిగింది చిన్నత్త. ఆడపిల్లట.

చెన్నై చేరేసరికి కౌంటర్లు మూసే వేళయింది. చిన్నత్తకి కంగారు లేదు. ముందురోజే సచివాలయం అమ్మాయి చేత చెకిన్ చేయించుకుని బోర్డింగ్ పాస్ ఫోన్లో పెట్టుకుంది. చేతిసంచి తప్ప సామాను లేదు. చెకిన్ చేసుకోనిది నేనొక్కణ్ణే. బంగారు కార్డు వాళ్ళకి వేరే కౌంటర్ ఉంటుందన్న ధీమా నాది. ఆ కౌంటర్‌లో ఉన్నావిడ టైం చూసి, నన్ను చూసి, అక్షింతలు వేసి పాస్ ఇచ్చింది. "పరిగెత్తబ్బయా" అని చిన్నత్త దూరం నుంచి నవ్వింది.

గేటు దగ్గర నా పిలుపు వచ్చింది. నేను దర్జాగా లేచి, చిన్నత్త చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళాను. టికెట్లు విడివిడిగా తీసుకున్నారు కనక ఈ కార్డు మీకొక్కరికే పనిచేస్తుందని అక్కడి మనిషి మర్యాదగా చెప్పాడు. ఆమె ఎక్కాల్సింది ఆఖరి గుంపులో. నేను వాదనకి దిగబోయాను. ఆమె చెయ్యి విడిపించుకుంది. "నువ్వు పోబ్బయా. నా వంతు వచ్చినప్పుడు నేను వస్తా."

నేను పోలేదు. ఆ కార్డు వచ్చాక మొదటిసారి, నన్ను పిలిచినా ఎక్కకుండా ఆఖరి వరసలో నిలబడ్డాను. ఆమె ఎదురుగా అద్దంలోంచి విమానాన్ని చూస్తోంది. ఎవరు ముందెక్కారో, ఎవరు నెట్టుకెళ్ళారో ఆమెకి పట్టలేదు. ఆమెని చూసి గర్వపడ్డాను. నా కార్డుని చూసుకుని ఎప్పుడూ అంత గర్వపడలేదు.

పూణేలో దిగగానే విమానాశ్రయం బాత్రూంలోకి వెళ్ళి పసుపు చీర కట్టుకుని వచ్చింది. ఇంటికి వెళ్ళేసరికి పెద్దత్త హాల్లో కుర్చీలో ఉంది. తలుపు తీసిన కూతురిని పలకరించనైనా పలకరించకుండా చిన్నత్త తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతుర్లో నిలబడింది. పెద్దత్త తల అటూ ఇటూ తిప్పి వెతికింది.

"పసుపు చీర" అంది. "నేను పెట్టిన చీర. దగ్గిరికి రావే."

చిన్నత్త వెళ్ళి ఆమె ముందు నేల మీద మోకాళ్ళు వేసింది. అతుక్కున్న కాలు అలా మడవొద్దని డాక్టరు చెప్పాడు. పెద్దత్త ఆమె గడ్డం పట్టుకుని, తల కొంచెం కొంచెంగా కదిలిస్తూ, ముందు నుదురు చూసింది, తర్వాత ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను, ముక్కు, పెదవి కింద పుట్టుమచ్చ. ఒక్కో ముక్క దగ్గర ఆగి ఆగి చూసింది. చాలాసేపు పట్టింది. చింతపండు చేట ముందు కూర్చున్నట్టే చిన్నత్త కదలకుండా ఉంది, కళ్ళు మాత్రం కారిపోతున్నాయి. "ముసలిదానివైపోతివే" అంది పెద్దత్త చివరికి. ఇద్దరూ నవ్వారు. నేను బాల్కనీలోకి వెళ్ళి ఏడ్చాను.

ఉగాది నాటికి పెద్దత్త చూపు పూర్తిగా పోయింది. చిన్నత్త రోజూ సాయంత్రం ఆమెకి ఫోన్ చేస్తుంది. అక్క పలకగానే, ఆ రోజు తను ఏ రంగు చీర కట్టుకుందో ముందు చెబుతుంది.