ఆదోని ట్రాము

నా చదువు వల్ల ఒక గుర్రం అమ్ముడుపోయింది. ఇంతటి ఘనకార్యం మా వంశంలో నాకు ముందు ఎవరూ చేయలేదు. ఇది దాని కథ.

డెబ్బైల చివర్లో డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఆదోని గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. అక్కడ ఒక పత్రికలో జర్మనీ ట్రాముల గురించి వ్యాసం చదివాను. ఆ దేశంలో ఊరూరా ట్రాములేనట. కొన్ని ఊళ్లలో బజారు రాగానే భూమి కిందికి దూరి, బజారు దాటాక పైకి వస్తాయట. పట్టాల మధ్య నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. మా నాయన వయసు అడిగితే తడుముకునేవాణ్ణి గానీ ఈ కొలత నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి.

ఇదంతా నేను చెబితే వినే ఓపిక మా వీధి మస్తాన్ మామకే ఉండేది. స్టేషన్ నుంచి మార్కెట్ దాకా జట్కా తోలేవాడు. అంతా విని ఒకటే అడిగాడు.

"భూమి కింద దూరితే దానికి మేత ఎవరేస్తారప్పా?"

"కరెంటే మేత మామా."

ఆయన తన గుర్రం చాందిని వైపు జాలిగా చూశాడు.

ఒక ఉదయం స్టేషన్ రోడ్డు మీద రెండు సున్నపు గీతలు కనిపించాయి. పక్కపక్కనే, మార్కెట్ దాకా. ఎవరు గీశారో అడగాలని తోచలేదు. చదువుకున్నవాణ్ణి కదా. దర్జీ దగ్గర టేపు తెచ్చి, నడిరోడ్డు మీద మోకాళ్లూని కొలిచాను. నాలుగడుగుల పది అంగుళాలు. ఆ ఒకటిన్నర అంగుళాల తేడా సున్నం పోసినవాడి చెయ్యి వణకడం వల్ల వచ్చిందని తీర్పు చెప్పి, మూగిన జనానికి ట్రాము వస్తోందని ప్రకటించాను. ఆ పూట నా ఛాతీ ఆ టేపుకు అందేది కాదు.

మస్తాన్ మామ జట్కా ఆపి గీతలనూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఖాయమేనా?"

"కొలిచినాను మామా."

ఆ వారమే చాందినిని ఎమ్మిగనూరులో అమ్మేశాడు. ట్రాము వచ్చాక గుర్రాన్ని కొనేవాడు ఉండడని, ముందే మంచి మనిషి చేతిలో పెట్టానని మా అమ్మతో చెప్పాడట.

పది రోజులకు కూలీలు వచ్చి ఆ గీతల నడుమ తవ్వారు. మనది భూమి కింద దూరే రకమని మూడు రోజులు వాదించాను. నాలుగో రోజు సిమెంటు తూములు దిగాయి. అది మురుగు కాలువ.

మామ ఖాళీ జట్కా పక్కన కూర్చుని ఉన్నాడు. తిట్టి ఉంటే నయం.

"ఇంటి ముందర అది లేకపోతే తెల్లారినట్టే లేదప్పా," అన్నాడు.

ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. అమ్మిన డబ్బు రుమాల్లో కట్టింది కట్టినట్టే ఉంది. కొన్నాయన తిరిగి ఇవ్వకపోతే మామ ముఖం ఎట్లా చూడాలన్న భయంతో దారి పొడుగునా ట్రాము మాట ఎత్తలేదు. మాటలు తగ్గించడం అక్కడే నేర్చుకున్నాను.

కొన్నాయన మమ్మల్ని చూడగానే లేచాడు.

"వచ్చినావా మస్తానన్నా? ముందు తోలుకపో. కొంచెం దూరం పోతాది, నిలబడతాది. మనిషి ఎక్కనన్నా ఎక్కాల, దిగనన్నా దిగాల. అప్పటిదాకా కదల్దు. ఏం గుర్రమిది?"

ఏళ్ల తరబడి ఒకే దారిలో, ఆగేచోటల్లా ఆగిన గుర్రం అది. మామ దాని మెడ నిమురుతూ నా వైపు తిరిగాడు.

"ఆ జర్మనీ బండి గూడా ఇట్లనే ఆగతాదా?"

"ఇట్లనే మామా. ఒకే దారి, ఆగేచోటల్లా ఆగాల్సిందే."

"అట్లయితే మనూర్లో శానా ఏండ్ల నుంచి ఉందే."

ఆదోని చేరాక జట్కా వెనక పలక మీద 'ట్రాము' అని నా చేతనే రాయించాడు. శిక్ష అంతే. ఎనభైల్లో ఆటోలు నిండిపోయేదాకా స్టేషన్ ముందు "ట్రాము, ట్రాము" అని పిలిచేవాడు. జనం నవ్వుతూ ఎక్కేవాళ్లు. కరెంటు పోయిన రోజు కూడా మా ట్రాము ఆగలేదు.

మామ పోయి ఈ నెలకు ఏడాది. ఆ పలక మా ఇంట్లో ఉంది. ఆ రోజుల్లో దేశంలో ట్రాము నడిచిన ఊళ్లేవని ఎవరైనా అడిగితే, కలకత్తా, ఆదోని అని తల ఎత్తుకునే చెబుతాను.

చాందిని మీద ఒట్టు, రోడ్డు మీద సున్నపు గీతలు కనిపిస్తే ఇక టేపు తీయను. తీసినా, గుర్రమున్నవాళ్లకు ఆ కొలత చెప్పను.