షిఫ్టు అనే మాటకు నేను రాసుకున్న అర్థాలు

ఆ సాయంత్రం నాన్న పొరపాటున డ్యూటీకి బయల్దేరుతున్నాడని నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ తారీఖు కింద "మబ్బు పట్టింది" అని మాత్రమే రాసుకున్నాను.

నాన్న హార్బరులో క్రేను నడిపేవాడు. మా ఇంట్లో వారాలకు పేర్లుండేవి. ఏ షిఫ్టు వారం, బీ షిఫ్టు వారం, సీ షిఫ్టు వారం. ఏ షిఫ్టు పొద్దున్న ఆరుకి, బీ మధ్యాహ్నం రెండుకి, సీ రాత్రి పదికి మొదలు. సీ షిఫ్టు వారంలో నాన్న పగలు నిద్రపోయేవాడు. అప్పుడు గిన్నె మీద గిన్నె పెట్టకూడదు. పోపు వెయ్యకూడదు. తుమ్మొస్తే పెరట్లోకి పరిగెత్తాలి. వచ్చిన చుట్టాలతో అమ్మ సైగలతోనే మాట్లాడేది. నేను అసలే మాట్లాడని పిల్లని. ఆ ఇంట్లో నా బిడియం లోపంగా కాక బుద్ధిగా చెల్లిపోయింది.

పదో తరగతి సెలవుల్లో పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన ఇంగ్లీషు నిఘంటువొకటి కొనుక్కున్నాను. అందులో మొదట వెతికిన మాట షిఫ్టు. ఒక ముక్కలో తేలిపోతుందనుకున్నాను. చూస్తే సగం పేజీ ఉంది. జరపడం, మారడం. పనివాళ్ళ వంతు. ఆడవాళ్ళు వదులుగా తొడుక్కునే గౌను. ఉన్నదాంతో ఎలాగో నెట్టుకురావడం. తప్పించుకునే ఎత్తు. ఎక్కడి గౌను, ఎక్కడి ఎత్తు! చివర్లో చీమ తలకాయంత అక్షరాలతో దాని పుట్టుక రాసి ఉంది. పాత ఇంగ్లీషులో ఆ మాటకు పంచడం, వాటాలు వేసి సర్దడం అని అర్థమట. కదలడం, మారడం తరవాత వచ్చాయట. బట్ట మార్చుకోవడంలోంచి గౌను వచ్చిందట. చాలాసేపు ఆ వరస మీదే వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఎవరో రోజును మూడు వాటాలు వేసి మా నాన్నకు వారానికొకటి ఇస్తున్నారు. ఆ పంపకంలో నిద్ర సంగతి మర్చిపోయారు.

అప్పట్నుంచి ఆ మాట ఎక్కడ వినబడినా చెవులు నిక్కబొడుచుకునేవి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో షిఫ్టు మీట నొక్కితే మిషను పైభాగమంతా లేచి పెద్దక్షరం పడేది. నా చిటికెన వేలికి బలం చాలక అక్షరం సగం పైన, సగం కింద వేలాడేది. రేవులో ఓడను కట్టేసే ఈ బెర్తు నుంచి ఆ బెర్తుకి షిఫ్టు చేశారని నాన్న అనేవాడు. అమ్మమ్మది ఇంకో అర్థం. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు తీసుకున్నప్పుడు ఆవిడ ఊరు ఖాళీ అయిపోయింది. అప్పుడే మా ఇంటికొచ్చేసింది.

"మా ఊరు సిప్టు సేసీసినారంట," అనేది వచ్చినవాళ్ళందరితో. "ఊరేటి, ట్రంకుపెట్టా? ఇక్కణ్ణించి తీసి అక్కడెట్టీడానికి?"

అదీ రాసుకున్నాను. డైరీ వెనక పేజీలన్నీ ఆ ఒక్క మాటతో నిండిపోతూ వచ్చాయి.

ఇరవై ఒకటో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి నాకు ఉత్తరం వచ్చింది. ఆపరేటరు ఉద్యోగం. వచ్చే సోమవారం పొద్దున్న ఆరింటికి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామన్నారు. చివర్లో, షిఫ్టుల్లో పనిచేయాల్సి ఉంటుందని రాశారు. గురువారం పొద్దున్న నాన్న సీ షిఫ్టు వారం ముగించి ఇంటికొచ్చాడు. మర్నాటి నుంచి ఏ షిఫ్టు. ఆయన అన్నం తినే దాకా ఆగి ఉత్తరం చేతికిచ్చాను.

"సిప్టు డ్యూటీయా?" అన్నాడు. "ఈ ఇంటికి నానొక్కణ్ణి సాలనేటి? వద్దమ్మా."

అంతే, వెళ్ళి పడుకున్నాడు. అమ్మ నావైపు చూసి పెదాల మీద వేలు పెట్టింది. మా ఇంట్లో పగలు ఏడవడానికి కూడా వీల్లేదు.

ఆ రోజంతా ఒకచోట నిలవలేకపోయాను. గుమ్మంలోకి వెళ్ళడం, వెనక్కి రావడం. నిఘంటువు తెరవడం, మూయడం. హార్బరు వైపు నుంచి ఓడ కూత వినబడినప్పుడల్లా ఎవరో నన్నే తొందరపెడుతున్నట్టుండేది.

సాయంత్రం అయిదుంబావుకి నాన్న లేచాడు. మబ్బు పట్టి, బయట వెలుగు తెల్లవారుజాములా ఉంది. అమ్మ కొళాయి దగ్గరికి, అమ్మమ్మ పక్కింటికి వెళ్ళారు. నాన్న గడియారం చూశాడు. గబగబా పళ్ళు తోముకుని ఖాకీ బట్టలు వేసుకున్నాడు. క్యారియరు ఎత్తి చూస్తే ఖాళీగా ఉంది.

"మీ యమ్మ ఏటీ కట్టలేదే? సర్లే, క్యాంటీన్లో తింతాను." నావైపు తిరిగాడు. "నువ్వేటమ్మా, ఇంత పొద్దున్నే లేసీసి సదువుతన్నావు?"

ఇది సందె నాన్నా. మూడే మాటలు నాలిక చివరి దాకా వచ్చాయి. నేను పేజీ తిప్పాను. సైకిలు సందు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను.

ఏడింటికి తిరిగొచ్చాడు. చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

"ఎక్కడికెళ్ళొచ్చినావయ్యా?" అంది అమ్మ.

"గేటు కాడ ఒకటే నవ్వు. 'బావా, రేపటి డ్యూటీ ఇయాలే సేసేత్తావేటి' అని." వంగి చెప్పులు విప్పాడు. "పొద్దేదో సందేదో తెలీకుండా పోనాదే నాకు. నా కూతురికి ఈ బతుకొద్దు."

నా మౌనమే నాకు అడ్డుగోడ కట్టింది. నేను చెప్పి ఉంటే ఆ గేటు దగ్గర ఆయన తల వంచుకునేవాడు కాదు. ఇప్పుడు చెప్పినా ఆ నవ్వులు చెరిగిపోవు. శుక్రవారం చెప్పేద్దామని రెండుసార్లు ఆయన ఎదుట నిలబడి, మంచినీళ్ళు కావాలా అని అడిగి వచ్చేశాను.

చివరికి పాత క్యాలెండరు అట్ట కత్తిరించి ఒకవైపు "పొద్దు" అని, రెండోవైపు "సందె" అని పెద్దగా రాసి గడియారం కింద వేలాడదీశాను. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తిప్పేదాన్ని. నాన్న వస్తూ పోతూ చూసేవాడు. ఆదివారం అన్నం ముందు కూర్చుని అడిగాడు.

"రేపు నువ్వు డ్యూటీకెళ్ళిపోతే ఈ అట్ట ఎవులు తిప్పుతారు?"

అమ్మమ్మ అందుకుంది.

"నాను తిప్పుతాను. ఊర్నే తిప్పి పారేసినారు ఆళ్ళు. నాను అట్టముక్క తిప్పలేనేటి?"

నాన్న నవ్వాడు. గురువారం తరవాత ఆయన నవ్వడం అదే మొదలు.

సోమవారం చీకటితోనే నన్ను సైకిలు వెనక ఎక్కించుకున్నాడు. నన్ను దింపి తను హార్బరుకి పోవాలి, ఇద్దరిదీ ఏ షిఫ్టే. ఎక్స్ఛేంజి గేటు ముందు దిగాను. నా చేతిలో ఉన్నది నాన్న క్యారియరు, అమ్మ ఆయనది నాకూ నాది ఆయనకూ ఇచ్చిందని అప్పుడు తెలిసింది. ఇద్దరం మార్చుకున్నాం. నేను చెప్పాల్సింది ఇప్పుడైనా చెబుదామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే పెడలు మీద కాలు వేశాడు.

"ఆ సందేళ నువ్వు కిటికీ కాడే ఉన్నావు కదమ్మా," అన్నాడు. "ఇక్కడ మాత్రం ఊరుకోకు. ఎవులు తప్పు టయానికి ఎళ్తన్నా, గట్టిగా సెప్పీ."