తంకమణి అక్క విన్న చప్పుడు

కేరళలో ఒట్టపాలంలోని మా ఆయుర్వేద వైద్యశాలలో తంకమణి అక్క ముప్పై రెండేళ్లు నూనెలు కాచింది. పక్క గదిలో నేను సీసాలకు మూతలు బిగించేదాన్ని. అక్క నూనె అడుగున దిగిన మూలికల ముద్దను చిటికెడు తీసి, వత్తిలా నలిపి, మంటకు పెట్టేది. చిటపటమంటే నీరింకా ఉన్నట్టు. చప్పుడు లేకుండా కాలితేనే దించేది.

కొచ్చి కంపెనీ ఒకటి వైద్యశాలను కొన్నాక ఏటి ఒడ్డున విదేశీయులకని రిసార్టు లేచింది. నూనె కాయడానికి స్టీలు యంత్రం వచ్చింది. అక్కకేమో జరీ అంచు చీర కట్టించి, తలలో మల్లెలు పెట్టించి, రిసార్టు ముందు హాల్లో, కింద మంట లేని ఉరుళి అనే వెడల్పాటి కంచు పాత్ర దగ్గర గరిటె పట్టుకుని కూర్చోమన్నారు. వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకునేవాళ్లు.

"ఏం కాస్తున్నావక్కా?" అని ఏడిపించేదాన్ని.

"గాలి కాస్తున్నా. పో, నీ మూతలు చూసుకో" అనేది. నవ్వేది గానీ, ఇంటికెళ్లేటప్పుడు మల్లెలు పీకి గేటు దగ్గరే పడేసేది.

ఒకరోజు జర్మనీ నుంచి మా నూనెలు కొనే ఊటె అనే ఆవిడ సరుకు చూసుకోవడానికి వచ్చింది. అక్కే కాచినట్టు ఆవిడకు చూపించాలని మేనేజరు ప్రజీష్ యంత్రంలో కాచిన నూనె, అడుగు ముద్దతో సహా, ఉరుళిలో పోయించాడు.

అక్క వాసన చూసింది. "ఇదింకా పాకానికి రాలేదు సారూ."

"వచ్చిందని యంత్రం చెప్పిందక్కా. నువ్వు నవ్వుతూ కూర్చో చాలు."

అక్క ముద్ద నలిపి పక్కనున్న దీపానికి పెట్టింది. చిటపటలాడింది. ఏమిటని ఊటె అడిగింది.

"అతిథులకు మా సంప్రదాయ స్వాగతం" అన్నాడు ప్రజీష్ ఇంగ్లీషులో.

"వాటర్" అంది అక్క.

ఊటె వంగి తనూ ఒక వత్తి నలిపి కాల్చింది. అదీ చిటపటమంది. ఆ విడత సరుకు ఆగిపోయింది. అక్కను చూపించి, ఈవిడ చూడకుండా ఇకమీద ఒక్క సీసా కూడా తీసుకోనని చెప్పి వెళ్లింది.

మర్నాడు ప్రజీష్ వచ్చాడు. "అక్కా, రేపట్నుంచి యంత్రం దగ్గరికి రావాలి."

"ఈ చీరతోనా?"

"నీ ఇష్టం వచ్చింది కట్టుకో తల్లీ."

పాత నేత చీరలో వెళ్లింది. యంత్రం మూత తీయించి, వంగి వాసన చూసి, "ఇంకో అరగంట" అంది. యంత్రం నడిపే ఇంజనీరు గడియారం చూసుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.