అల్లుడుగారి సర్వరు

అమలాపురంలో నెట్ సెంటర్లకి ప్లైవుడ్ అరలూ, ప్రతి అరకీ ఒక కర్టెనూ ఉండే కాలం అది. ఫొటో ఒకటి తెరమీద పైనుంచి కిందకి మెల్లగా దిగుతూ, ముందు జుట్టు, తర్వాత మీసం, ఆ తర్వాత చొక్కా గుండీలు వస్తుంటే ఓపిగ్గా కూర్చుని చూసేవాళ్లం. అప్పట్లో ఇంటింటా కంప్యూటరు లేదుగానీ, ప్రతి బంధువర్గానికీ ‘కంప్యూటరు తెలిసినవాడు’ ఒకడు ఉండేవాడు. మా వాళ్లకి నేను. (తెలిసింది ఎంత అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.) డిప్లొమా పూర్తిచేసి, బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో పనిచేస్తుండేవాణ్ణి. శుభకార్యాల్లో పెద్దవాళ్ల వరసలో నాకూ కుర్చీ వేసేవారు. ఫోను మోగకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా, ఒకసారి మా అత్తయ్యగారి మిక్సీ తిరగకపోయినా నాకే కబురు వచ్చేది.

ఆ కుర్చీకి పోటీగా వచ్చినవాడు మా బాబాయి అల్లుడు. బాబాయికి ఉప్పలగుప్తంలో కొబ్బరి పీచుతో తాళ్లూ, గుమ్మం ముందు వేసుకునే మ్యాట్లూ చేయించే షెడ్డు ఉండేది. కూతురికి, అంటే నా చెల్లెలికి, కాకినాడ సంబంధం చేశాడు. పెళ్లికొడుకు చేసే వ్యాపారం వెబ్ హోస్టింగ్. నలుగురికీ చెప్పుకోవాలి కాబట్టి దాని అర్థమేమిటో బాబాయి నన్నడిగాడు.

“వెబ్‌సైటు ఉండడానికి చోటు అద్దెకిస్తారు బాబాయ్. ఆగకుండా నడిచే పెద్ద కంప్యూటర్లో.”

“ఇంత దొడ్డుండగా మనకి అద్దె చోటెందుకురా? వసారాలో ఓ మూల పెట్టుకోవచ్చు కదా?”

“కరెంటు పోకూడదండి దానికి.”

బాబాయి, “అయితే మన మండలంలో కుదరదులే” అన్నాడు.

పెళ్లయిన కొద్ది నెలలకి బెంగళూరు నుంచి ఒక పెద్ద వ్యాపారి మ్యాట్ల కోసం ఫోను చేసి, మీకు వెబ్‌సైటు ఉందా అని అడిగాడు. బాబాయి ఏమాత్రం తడుముకోకుండా “ఆయ్, ఉందండి” అనేశాడు. సైటు తయారుచేసే పని నాకు అప్పగించాడు. ఎక్కడ పెట్టాలన్నది మాత్రం చర్చకే రాలేదు. “అల్లుడుగారుండగా ఇంకోళ్ల దగ్గరికెళ్తే వియ్యాలవారు ఏవనుకుంటారు?” అన్నాడు. అదీ న్యాయమే. బావగారికి ఫోను చేశాను. ఆయన వెంటనే అన్ని వివరాలూ పంపి, ఎంతో మర్యాదగా, “బావగారండీ, చిన్న మాట. ఫొటోలు సైజు తగ్గించి పెట్టండి. లేకపోతే పేజీ బరువైపోద్దండి” అన్నారు.

ఆయనన్నది అంతే. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఫొటో సైజు గురించి నాకు చెప్పడమా? ఆ కోపంలోనే నెట్ సెంటర్లో కూర్చుని హోస్టింగ్ కంపెనీలన్నీ వెతికాను. ఏ కంపెనీకి ఎన్ని నక్షత్రాలు ఇచ్చారో, ఎవరు ఏమని మెచ్చుకున్నారో చదివాను. (చెల్లెల్నిచ్చుకున్న సొంత బావగారిని కాదని, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చిన నక్షత్రాలు నమ్మాను.) ఏదో దేశంలో ఉచితంగా చోటిచ్చే కంపెనీ ఒకటి దొరికింది. ‘అపరిమితం’ అని పెద్ద అక్షరాల్లో ఉంది. దాని కింద చిన్న అక్షరాలు కూడా ఉన్నాయి. చదవలేదు. సైటు అక్కడ పెట్టేసి, బాబాయితో “అల్లుడుగారి సర్వర్లోనే పెట్టాను” అని చెప్పాను. బావగారితో ఏమీ చెప్పలేదు.

ఇక ఫొటోలు. మ్యాట్లవీ తాళ్లవీ పెట్టగానే అయిపోయిందనుకున్నాను. బాబాయి ఒప్పుకోలేదు. పెద్దన్నయ్యగారిది పెట్టి చిన్నన్నయ్యగారిది మానేస్తే అలుగుతారు. మేనమామలవి పెడితే తోడల్లుళ్లవి పెట్టాలి. ‘మా శ్రేయోభిలాషులు’ అని ఒక పేజీ తయారైంది. పీచు తాడు వెతుక్కుంటూ వచ్చినవాడికి ముందు మా బంధువర్గం అంతా ఎదురయ్యేది. ఒక్క ఫొటో సైజు కూడా తగ్గించలేదు. అది పట్టుదల. ఆ తర్వాత అమలాపురం నుంచి రాజోలు దాకా ఉన్న మా వాళ్లంతా నెట్ సెంటర్లకి వెళ్లి, ఎవరి ఫొటో వాళ్లు, పక్కింటివాళ్లకి చూపించి మరీ చూసుకున్నారు.

శ్రావణమాసానికి చెల్లెలు, బావగారు వచ్చారు. ఆ రోజే బెంగళూరు ఆయన సైటు చూసి చెప్తానన్నాడు. ఆ ఆర్డరు వస్తే షెడ్డులో తాడు పేనే ఆడవాళ్లకి వానాకాలం అంతా పని ఉంటుంది. అందరం భోజనాలకి కూర్చున్నాం. ఫోను మోగింది. బాబాయి విన్నాడు, “ఆయ్... ఆయ్...” అన్నాడు, పెట్టేశాడు. సైటు తెరుస్తుంటే, ఈ నెలకి చూసేవాళ్ల పరిమితి దాటిపోయింది, వచ్చే నెల దాకా తెరవబడదు అని వస్తోందట.

కొత్త అల్లుణ్ణి ఏమీ అనకూడదు. అలాగని ఊరుకోనూ లేడు. బాబాయి పెరుగు గిన్నె తనే అందుకుని, “అల్లుడుగారూ, కాస్త పెరుగేసుకోండి. మరే... ఆ సర్వరు... దానికేవైనా ఒంట్లో బాగోలేదాండీ?” అన్నాడు.

పంక్తిలో అందరూ బావగారి వైపు తిరిగారు. ఆయన నా వైపు చూశారు. సైటు తన దగ్గర లేదని ఆయనకి తెలుసు. ఆ ముక్క అంటే నా పని అయిపోతుంది. నేను పప్పులో నెయ్యి కలుపుతూ, అప్పటికే కలిపిందాన్నే మళ్లీ కలుపుతూ తల ఎత్తలేదు.

“ఆయ్, మావయ్యగారండీ. చూస్తానండి” అన్నారు బావగారు. అన్నం ముందునుంచి లేచారు.

నన్ను దొడ్లోకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, “ఎక్కడ పెట్టేరు బావగారూ?” అన్నారు. చెప్పాను. స్కూటరు మీద అమలాపురం వెళ్లి, మా నెట్ సెంటర్లోనే, నా కుర్చీలోనే కూర్చుని, మేనమామలందర్నీ ఓపిగ్గా చిన్నవాళ్లని చేసి, సైటు తన సర్వర్లోకి మార్చారు. కానీ సైటు పేరు కొత్త చోటికి అతుక్కోడానికి ఒక పూట పట్టింది. ఈలోగా ఆర్డరు వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

అప్పటినుంచీ ఆయన ‘సర్వరు డౌను అల్లుడుగారు’. పెళ్లిళ్లలో కూర రావడం ఆలస్యమైతే, “ఏవండీ అల్లుడుగారూ, సర్వరు డౌనా?” అనేవారు. ఆయన నవ్వేవారు. చెల్లెలూ నవ్వేది. సిగ్గులేకుండా నేనూ నవ్వాను, ఇన్నేళ్లూ.

మొన్నీమధ్య బాబాయి షెడ్డుకి కొత్త వెబ్‌సైటు పెట్టాలనుకుని అందర్నీ కూర్చోబెట్టాడు. బావగారు రాలేదు, చెల్లెలు మాత్రం వచ్చింది. హోస్టింగ్ ఎవరికివ్వాలి అన్న మాట రాగానే మా చిన్నత్త, “ఎవరికైనా ఇవ్వండి గానీ అల్లుడుగారికి మాత్రం వద్దర్రా” అంది. అందరూ నవ్వారు. కాఫీ కప్పులు తీస్తున్న చెల్లెలు ఈసారి నవ్వలేదు. ట్రే పట్టుకుని తిన్నగా లోపలికి వెళ్లిపోయింది. ఇక దాచడం నా వల్ల కాలేదు. ఉన్నదున్నట్టు, ఉచిత కంపెనీ దగ్గర్నుంచి నెయ్యి కలపడం దాకా, లోపలికి కూడా వినిపించేలా చెప్పేశాను.

బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. “చూసేరా! చెల్లెలు చిన్నబుచ్చుకుందని నింద తన మీదేసుకుంటన్నాడు. ఎంత మంచోడివిరా!”

“నిజంగానే బాబాయ్...”

“ఊరుకోరా. నీ మనసు మాకు తెలీదా? నువ్వు కంప్యూటరు దగ్గర తప్పు చేస్తావంటే ఎవరు నమ్ముతారు?”

ఎంత గట్టిగా చెబితే అంత మంచివాణ్ణయిపోయాను. చిన్నత్త నా తల నిమిరింది. (నాకు బట్టతల వచ్చింది. అయినా నిమిరింది.)

మర్నాడు బావగారికి ఫోను చేసి జరిగింది చెప్పి, క్షమించమన్నాను. నవ్వారు. “పోనివ్వండి బావగారండీ. నమ్మకపోతే మీరేం చేస్తారు. ఒక్కళ్లు నమ్మేరులెండి.”

“ఎవరండీ?”

“మీ చెల్లెలు. నిన్నట్నుంచీ నాతో మాట్లాడ్డం లేదండి. ఇన్నేళ్లూ తనకైనా చెప్పలేదని.”

నేను తప్పు చేసినప్పుడూ, ఒప్పుకున్నప్పుడూ శిక్ష ఆయనకే పడింది. మా వాళ్లు చదువుతారనే ఇది రాస్తున్నాను: ఆ రోజు పడిపోయిన సర్వరు అల్లుడుగారిది కాదు. చదివి, ఎంత బాగా రాశాడో, ఎంత పెద్ద మనసో అనుకుంటారేమోనని భయంగా ఉంది. ఒక్క చిన్న మాటకి ఉడుక్కున్న ఆ ప్లైవుడ్ అరలోని కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వుదామనుకునేసరికి ఆకు ముందునుంచి లేస్తున్న బావగారు కనిపిస్తారు.