సార్ లెక్కలో నాలుగు

ఈమధ్య మెట్లెక్కుతుంటే నాలుగో మెట్టు మీద కాలు ఆగిపోతుంది. పక్క ఫ్లాట్లలో పనిచేసేవాళ్లు మోకాళ్ల నొప్పులనుకుంటారు. అనుకోనీ.

ఈ అరబ్బు దేశంలోనే, బుదైయా అనే ఊళ్లో నేను చూసుకున్న సార్ ఒకప్పుడు బ్యాండు మాస్టరు. గోవా నుంచి వచ్చి, మనామా హోటళ్లలో లాటిన్ డాన్సు పాటలు వాయించి, అవేమిటో తెలియని జనంచేత అడుగులు వేయించారట. నేను చేరేసరికి ఆ వేళ్లతో గ్లాసు పట్టుకోవడమే కష్టం. అయినా జావ తాగాక చెంచాతో గిన్నె అంచు మీద కొట్టేవారు. "వన్, టూ, త్రీ... ఫైవ్, సిక్స్, సెవెన్..." మళ్లీ మొదటికి.

నాలుగేది సార్ అని నాకొచ్చిన హిందీలో అడిగేదాన్ని. పెదాల మీద వేలు పెట్టుకుని నవ్వేవారు. పెద్దాయనకు లెక్క తప్పిందనుకుని రోజూ నేర్పాను కూడా. ఆయన తల అడ్డంగా ఊపేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆయనకు ఒకటే కోరిక, భార్య పోయిన ఆ ఇంట్లోనే తానూ పోవాలని. నన్ను ఎక్కడికీ పంపనివ్వకు అని చేయి పట్టుకుని అడిగారు. సరేనన్నాను.

వేరే దేశంలో ఉన్న సార్ కూతురు ఒక డాక్టరును పంపింది. తండ్రికి మతి సరిగ్గా ఉంటే ఇంట్లోనే, లేకపోతే ఆసుపత్రికి అని ఆవిడ మాట. డాక్టరు అడిగినవన్నిటికీ సార్ చక్కగా జవాబు చెప్పారు. ఆ డాక్టరు మన బెజవాడ వైపు ఆయనే. తెలుగు చెవినపడేసరికి నా నోరు ఊరుకుంటేగా.

"అంతా బానే ఉందండీ. అంకెలే మర్చిపోతన్నారు. ఎప్పుడు లెక్కెట్టినా నాలుగు రాదు" అన్నాను. మందేదైనా రాస్తారనుకున్నాను.

డాక్టరు సార్‌ని లెక్కపెట్టమన్నారు. సార్ మంచం పట్టె మీద వేలితో కొడుతూ అదే లెక్క చెప్పారు. డాక్టరు రాసుకున్నారు.

వారంలో తీసుకుపోయారు. గుమ్మం దాటేటప్పుడు సార్ నా వైపు చూడలేదు. ఆసుపత్రిలో నెల తిరక్కుండానే పోయారు.

ఇప్పుడు ఇక్కడే రిఫా అనే ఊళ్లో తెలుగువాళ్లింట్లో పని. మొన్న మేడం ఒళ్లు తగ్గడానికని టీవీ చూస్తూ డాన్సు మొదలుపెట్టింది. నేను బట్టలు మడతపెడుతున్నాను. టీవీలో నేర్పే పిల్ల అంది, "వన్, టూ, త్రీ... ఫైవ్, సిక్స్, సెవెన్."

మడతపెడుతున్న తువ్వాలు వదిలేసి మేడం దగ్గరికెళ్లాను.

"నాలుగేదండీ?"

"ఉంటుంది. పైకి చెప్పం, కాలు కదపం. అక్కడ ఊరుకోవాలి, అంతే" అంది మేడం రొప్పుతూ.

టీవీలో లెక్క మళ్లీ మొదలైంది. మూడు తర్వాత ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా సార్ పెదాల మీద వేలు పెట్టుకుని కనిపిస్తున్నారు. ఆ రోజు నేనూ ఊరుకుని ఉంటే, ఆయన తన మంచం మీదే పోయేవారు.