షెల్టర్ గోడ మీద నాన్న

నేను రాజోలులో పిల్లలకి డ్రాయింగ్ నేర్పుతాను. మొన్న వేసవిలో మా ఊళ్ళో తుఫాను షెల్టర్ గోడ మీద బొమ్మ వేయమని పంచాయతీ వాళ్ళు పిలిచారు. కొబ్బరిచెట్లు, పడవలు, పైన ఒక సూర్యుడు ఉంటే చాలట. “చూడ్డానికి కళగా ఉండాలండి, ఆయ్” అన్నాడొకాయన. ఏం కళ, నా మొహం! ఆ గోడ లేచిన చోటే మా ఇల్లుండేది. నా చిన్నప్పటి తుఫాన్నాడు ఉప్పెన దాన్ని ఊడ్చుకుపోయింది, మా తమ్ముణ్ణి కూడా.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, వాడికి నాలుగు. అమ్మ వాడి పురిట్లోనే పోయింది. వాణ్ణి నాకప్పజెప్పి నాన్న పడవల రేవుకి వెళ్ళాడు. నీళ్ళొచ్చేసరికి ఒక చేత్తో కొబ్బరిచెట్టుని, ఇంకో చేత్తో వాణ్ణి పట్టుకున్నాను. కొంతసేపే.

మా దగ్గర చేపల వేట పడవలొచ్చే వేళకి ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఆడపిల్లల చంకనెక్కించి ఒడ్డుకి పోతారు. ఆ వయసులో మాకు అదే ఆట, అదే పెద్దరికం. తుఫాను తర్వాత నాకెవరూ బిడ్డనివ్వలేదు. “దాని చేతికివ్వకండే, వదిలేస్తుంది” అనేవారు, నా ఎదురుగానే. నాన్న పక్కనే కూర్చుని వల బాగుచేసుకునేవాడు. తోటి పిల్లలంతా చంకలో బిడ్డలతో తిరుగుతుంటే, నేను పడవలకి పూయగా మిగిలిన నీలం రంగుతో తమ్ముడి మొహం గీసుకునేదాన్ని. వాడికి ఫొటో అంటూ లేదు. ఎన్నిసార్లు గీసినా వాడు రాలేదు.

షెల్టర్ గోడ మీద సూర్యుణ్ణి వేయలేదు. నీళ్ళు వేశాను. చెట్టుని కరుచుకున్న పిల్లని, పక్కనే తమ్ముణ్ణి వేసి, దాని చేతిలో వాడి చెయ్యి పెట్టాను, గట్టిగా పట్టుకున్నట్టు. అబద్ధమే. నా బొమ్మ, నా ఇష్టం.

నాన్న కర్ర పొడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూశాడు.

“వాడి ముక్కు అలా ఉండేది కాదమ్మాయ్.”

“అయితే నువ్వే గియ్యి.”

“నన్నెక్కడ వేసేవు?”

“నువ్వు లేవుగా నాన్నా. మాకోసం వస్తుంటే నీళ్ళడ్డం వచ్చేయన్నావుగా.”

“రాలేదు. నీళ్ళు పొంగడం చూసేను. పడవ పోతే తిండుండదని, ముందు దాన్ని కట్టేసొద్దామనుకున్నాను. పడవ దక్కింది.”

ఇన్నేళ్ళూ! ఊరంతా నా చేతుల్ని చూసి బిడ్డల్ని వెనక్కి లాక్కుంటుంటే, ఆ పడవ మీదే వేటకెళ్ళి నాకు అన్నం పెట్టాడు. ఒళ్ళు మండిపోయింది.

“అప్పుడే చెప్పి చావలేకపోయావా?”

“చెబితే నన్ననేవారు” అన్నాడు తలొంచుకుని. కర్రతో గోడ చివర చూపించి, “ఇప్పుడు వెయ్యి. పడవకి తాడు కడుతున్నట్టు వెయ్యి. అందరూ చూస్తారు, చూడనీ” అన్నాడు.

వేశాను. ముందు తమ్ముడి చేతిని చెరిపేసి ఆ పిల్ల చెయ్యి ఖాళీగా ఉంచాను. గోడ చివర పడవ, తాడు, నాన్న వీపు.

మర్నాడు మళ్ళీ వచ్చి, “మొహం వెయ్యవా?” అని అడిగాడు.

“నువ్వు ఇటు తిరిగితే కదా నాన్నా, వెయ్యడానికి” అన్నాను.