నా ఫోటో మింగిన నాలుగు లైన్లు

ఆ రోజుల్లో మా ఫార్మసీ కాలేజీలో ఎవరికి ఏ మంచి జరిగినా అది కాలేజీ పత్రికలో అచ్చయ్యేదాకా జరగనట్టే లెక్క. పత్రిక అంటే పెద్దదేమీ కాదు, మూడు నెలలకోసారి వచ్చే ఎనిమిది పేజీల కాగితం. అందులో నాలుగో పేజీ పేరు, తెలుగులో చెప్పాలంటే, 'వార్తలు, విజయాలు' (పేజీ పేరూ ఇంగ్లీషే, లోపల సరుకూ ఇంగ్లీషే, తెలుగులో గెలిస్తే గెలిచినట్టు కాదని మా వాళ్ల నమ్మకం). ఎవరికో పోటీ పరీక్షలో ర్యాంకు వచ్చిందని, ఇంకెవరో ఏదో సదస్సులో పోస్టరు పెట్టి వచ్చారని, ఫలానా సారు పరిశోధన ఫలానా దేశంలో అచ్చయిందని, అన్నీ ఆ పేజీలోనే. ఆ పేజీకి విద్యార్థుల తరఫున ఎడిటర్ని నేను. ఇరవై ఏళ్లు, మూడో సంవత్సరం. హిమాయత్‌నగర్ నుంచి నాంపల్లికి బస్సులో వచ్చేటప్పుడు కూడా ఎర్ర పెన్ను చేతిలోనే పట్టుకునేదాన్ని. కనీసం కండక్టరైనా "మీరేం చేస్తారు మేడమ్?" అని అడగకపోతాడా అని ఆశ. మూడేళ్లలో ఒక్కడూ అడగలేదు.

మా ల్యాబులో ఒక అటెండరు ఉండేవాడు. మందులు నూరే పింగాణీ మోర్టారుని మేమంతా మోర్టారంటుంటే ఆయనొక్కడే కల్వం అనేవాడు. అందుకని ఎన్ని బ్యాచీలు మారినా ఆయన అందరికీ కల్వం తాతే. ఆయన పని సీసాలు కడగడం, త్రాసులు తుడవడం. ఇంగ్లీషు అక్షరం రాదు. కానీ ఎమల్షన్ సంగతి ఆయనకు తెలిసినంత మా ప్రొఫెసర్లకు కూడా తెలియదు. ఎమల్షన్ అంటే మరేం లేదు, నూనెను నీళ్లలో కలిపి, పాలలా తెల్లగా చేసి, విడిపోకుండా నిలబెట్టడం. ఆముదం నాలుగు వంతులు, నీళ్లు రెండు, తుమ్మజిగురు పొడి ఒకటి. కల్వంలో వేసి ఒకే దిక్కుకు, ఆపకుండా నూరాలి. దిక్కు మార్చినా, మధ్యలో ఆగినా పాలు విరిగినట్టు విరిగి నూనె పైకి తేలుతుంది. కుదిరిన క్షణంలో మాత్రం కల్వంలోంచి టక్ టక్ మని ఒక చిన్న చప్పుడు వస్తుంది, అది వచ్చాకే మిగతా నీళ్లు పోయాలి. ఆ చప్పుడు గురించి పుస్తకంలో అర లైను ఉంది. కల్వం తాతకు అదే పూర్తి పుస్తకం. వరండాలో స్టూలు మీద కూర్చుని, లోపలికి చూడకుండానే, "నాలుగో టేబులు పిల్లకు కుదిరింది. ఏడో టేబులుది విరుగుతది, జర చూస్కోమనున్రి" అనేవాడు. ఒక్క మిల్లీగ్రాము తేడా వస్తే రికార్డు విసిరికొట్టే మిల్లీగ్రామ్ మేడమ్ సైతం, ఆ మాట విని నేరుగా ఏడో టేబులు దగ్గరికే నడిచేది.

ఆ ఏడో టేబులు నాదే అని వేరే చెప్పాలా? అయిదు వారాలు వరసగా నా ఎమల్షన్ విరిగింది. జుట్టుకు, చున్నీకి, బస్సు పాసుకు కూడా ఆముదం వాసన పట్టింది. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది. మా ఇంట్లో సంతోషించింది మా నాయనమ్మ ఒక్కతే. "ఇన్నాళ్లకు బుద్ధొచ్చి తలకు ఆముదం రాస్తున్నావమ్మా" అని మురిసిపోయింది (గుంటూరు నుంచి వచ్చి యాభై ఏళ్లయినా హైదరాబాదులో ఆడపిల్లల జుట్టు నిలవదని ఆవిడ బెంగ).

చివరికి తాతకే జాలేసింది. ఒక నెల రోజులపాటు మధ్యాహ్నం భోజనం గంటలో నాకు నేర్పించాడు. "మనసు గాడ పెట్టి చెయ్యి గీడ తిప్పితే గిట్లనే అయితది ఎడిటరమ్మా. కండ్లతోని ఏం చూస్తున్నవ్? చూడకు. విను" అనేవాడు. నేను చెవులు రిక్కించి నూరేదాన్ని. బయట నాంపల్లి రోడ్డు మీద ఆటోల హారన్లన్నీ వినపడేవి, నా కల్వం తప్ప. అయినా ఆయన విసుక్కోలేదు. ఒక శుక్రవారం నాడు టక్ మన్నది. నేను వినేలోపే ఆయన చప్పట్లు కొట్టాడు.

ఆ ఏడాది ఫార్మసీ వారోత్సవాల్లో మా కాలేజీలోనే ఎమల్షన్ పోటీ పెట్టారు. తొమ్మిది కాలేజీల వాళ్లు, తొమ్మిది కల్వాలు ఒకేసారి మోగుతున్నాయి. నాకు గుండె దడ తప్ప మరేం వినపడలేదు. తలెత్తి చూస్తే తలుపు దగ్గర మంచినీళ్ల జగ్గుతో తాత నిలబడి ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ భుజం మీదే వేసుకున్నాడు. అంతే, నేను మిగతా నీళ్లు పోసేశాను. మొదటి బహుమతి నాకే వచ్చింది. (ఇది మోసం కిందికి వస్తుందా అని ఇప్పటికీ నాకు అనుమానమే. ఎవరైనా కప్పు వెనక్కి ఇమ్మంటే ఇచ్చేస్తాను, రంగు ఎలాగూ పోయింది.)

మర్నాడు తాత కల్వాలు కడుగుతూ కడుగుతూ అడిగాడు. "ఎడిటరమ్మా, నీ వార్త పడతది గదా. గండ్ల నా పేరు గిట్ల వస్తదా?"

"ఎందుకు రాదు తాతా! ఆ పేజీ రాసేది ఎవరనుకున్నావు?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా, మా చిన్నపిల్ల పదో తరగతి. ఇంగ్లీషు మీడియం. స్కూల్ల నాయిన ఏం జేస్తడంటే చెప్పతందుకు షరమ్ పడుతున్నది. సీసలు కడుగుతడని ఎట్ల చెప్తదిలే పాపం. కాయితంల పేరు పడితే జర చూపిద్దామని" అని, చేతిలోని కల్వం మీద లేని మరకను చాలాసేపు తోమాడు.

నేను రాశాను, అబద్ధం చెప్పను. ఆయన పూర్తి పేరుతో, ముప్పై ఏళ్లుగా విద్యార్థులకు చెవితో పాఠం చెప్పిన గురువు అని, నాలుగు లైన్లు. ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని మరీ రాశాను. కాగితాలన్నీ పట్టుకుని అబిడ్స్ వెనక గల్లీలో ఉన్న ప్రెస్సుకు వెళ్లాను. ప్రెస్సాయన కంప్యూటరులో పేజీ సర్ది, పెదవి విరిచాడు. "నాలుగు లైన్లు ఎక్కువున్నయ్ మేడమ్. ఫోటో చిన్నగ చెయ్యాల్నా, లైన్లు కొయ్యాల్నా? జల్ది చెప్పున్రి, పెండ్లి కార్డులున్నయ్."

ఫోటోలో నేను కప్పు పట్టుకుని ఉన్నాను. తెరమీద నా మొహం పోస్టల్ స్టాంపు అంత ఉంది. ఇంకా తగ్గిస్తే కప్పు కనపడదు. నేను ఎంతసేపు ఆలోచించానో నిజంగా గుర్తులేదు, ఎక్కువసేపు మాత్రం కాదు. "లైన్లు కోసెయ్యండి" అన్నాను. వచ్చే సంచికలో వేద్దాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దారిలో ఇరానీ చాయ్ తాగాను, బాగానే రుచించింది. పత్రిక అచ్చయి వచ్చాక చూస్తే ఫోటోలో నా కళ్లు రెండూ మూసుకుని ఉన్నాయి.

తాత ఆ రోజు సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని వచ్చాడు. "సదువు ఎడిటరమ్మా, తెలుగుల చెప్పుకుంట సదువు" అన్నాడు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను, ఆయన మొహం చూసి మూసేశాను. చదివాను. కాగితం మీద లేని నాలుగు లైన్లను ఉన్నట్టే, వేలుతో చూపిస్తూ చదివాను. ఆయన పేరు దగ్గర ఆగి మరీ చదివాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇంకొకపారి సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. ఈసారి కంగారులో ముప్పైకి బదులు ఇరవై ఎనిమిదేళ్లు అన్నాను.

"ఇందాక ముప్పై అంటివి?"

"అచ్చుతప్పు తాతా."

"ఔనా" అన్నాడు, అంతే. రెండు కాపీలు అడిగి, మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకుని వెళ్లాడు. వచ్చే సంచిక వచ్చింది, ఆ తరవాతిదీ వచ్చింది. వార్త వేశానని చెప్పినవాళ్ల వార్త మళ్లీ ఎలా వేస్తాం? వేస్తే మొదటిది అబద్ధమని తేలుతుంది. అలా నా చదువు అయిపోయింది.

పదహారేళ్లయింది. ఇప్పుడు నేను అదే కాలేజీలో లెక్చరర్ని, నాలుగో పేజీకి బాధ్యురాలిని కూడా (పిల్లలు వెనకాల నాకేం పేరు పెట్టారో తెలుసు, ఇక్కడ చెప్పను). తాత నేను ఉద్యోగంలో చేరకముందే రిటైరయ్యాడు. వెళ్లి చూడాలని ప్రతి ఏడూ అనుకున్నాను. ఆయన ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక, కాలేజీ నుంచి పది నిమిషాల నడక. ఉద్యోగంలో చేరిన ఈ పదేళ్లలో ఆ పది నిమిషాలు నాకు దొరకలేదు. పోయిన నెల పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఎవరి ప్రమోషనో, ఎవరి డాక్టరేటో వరసగా వస్తుంటే మధ్యలో 'కల్వం తాత ఇక లేరు' అని వచ్చింది. దాని కింద కూడా ఇద్దరు చప్పట్ల బొమ్మ పెట్టారు. చదవకుండా చప్పట్లు కొట్టే అలవాటు మావాళ్లది. వాళ్లను తిట్టబోయి ఆగాను. చదవకుండా చప్పట్లు కొట్టినవాళ్లు నయం, నేను లేనిది చదివినదాన్ని.

పదో రోజున వెళ్లాను. గోడ మీద, తాత ఫోటో పక్కనే, ఫ్రేము కట్టించిన నాలుగో పేజీ ఉంది. రంగు పసుపెక్కింది. కళ్లు మూసుకున్న నా ఫోటో మాత్రం నిక్షేపంలా ఉంది. ఆ చిన్న కూతురే తలుపు తీసింది. ఇప్పుడు ఒక దవాఖానలో మందుల కౌంటరు చూస్తుందట. ఇంగ్లీషు మీడియం పిల్ల, ఆ పేజీ చదివే ఉంటుంది. నేను ఆ గోడకేసి చూడలేక నేలకేసి చూశాను.

"మీరు పరేషాన్ కాకున్రి మేడమ్" అంది ఆ అమ్మాయి మెల్లగా. "అప్పుడే చూసిన. నాయిన పేరు లేదు. గానీ అమ్మ ఎదురుంగ కూసుంది, పక్కింటోళ్లంత వచ్చిన్రు. నాయిన సదువుమన్నడు. నేను గూడ ఉన్నట్టే సదివిన."

"ఆయనకు తెలియదు కదా?" అన్నాను.

"ఎందుకు తెల్వదు? మీరు సదివిన దినమే ఎర్కయిందంట. 'ఆ పిల్ల సదువుతుంటే టక్ అనలే బిడ్డా, నూనె నూనెగనే ఉంది' అన్నడు. 'అయినా నువ్వు గట్లనే సదువు. మీ అమ్మకు ఖుషీ అయితది, ఆ పిల్లను గూడ ఏమనకు' అన్నడు. ఎవరు చుట్టమొచ్చినా సదివించుకునేటోడు. సదివి సదివి నాకే నోటికొచ్చింది." అని నవ్వబోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుపులో కూడా ఒకటి గమనించాను, ఆ అమ్మాయి 'నాయిన' అన్న ప్రతిసారీ గోడకేసి చూసి గర్వంగానే అంటోంది.

ఈసారి సంచికలో, పాత కాగితాల్లోంచి వెతికి తీసి, ఆ నాలుగు లైన్లు వేశాను. బోధన సిబ్బంది కానివాళ్లకు సంతాపం వేసే ఆనవాయితీ లేదని ఆఫీసువాళ్లు అన్నారు. సంతాపం కాదు, విజయాల కిందే వేస్తున్నానని చెప్పాను. పదాలు మార్చలేదు, ఇరవై ఏళ్ల పిల్ల వచ్చీరాని ఇంగ్లీషులో రాసినట్టే వేశాను. నా ఫోటో లేదు. ఇప్పుడు పత్రిక ఫోనుల్లోనే వస్తుంది గనక, అబిడ్స్‌లో ఒక కాపీ మందపాటి కాగితం మీద ప్రింటు తీయించి నాంపల్లి తీసుకెళ్లాను.

కూతురు వాళ్లమ్మను కూర్చోబెట్టి, తెలుగులో చెబుతూ చదివింది. ఈసారి కాగితం మీద ఉన్నదే చదివింది. పేరు దగ్గర ఆగి మరీ చదివింది. నేను వాళ్లమ్మ మొహంలోకే చూస్తున్నాను, పదహారేళ్ల నాటి భారం దిగిపోయే క్షణం కదా అని.

ఆవిడ అంతా విని, కళ్లు తుడుచుకుని, నాకేసి వింతగా చూసింది.

"గిది పాతదే గద బిడ్డా. గప్పుడే పడ్డది. గోడకు గాడ లేదా?"

ఔను అవ్వా, పాతదే అన్నాను. ఎర్ర పెన్ను పట్టుకుని బస్సెక్కే ఆ పిల్ల ఎదురైతే ఇప్పుడు తిట్టాలని కూడా లేదు, నీ వార్త నీకంటే ముందే వాళ్లింటికి చేరిందే పిచ్చిదానా అని చెప్పాలని ఉంది.